స్థానబల్మి గాని తన బల్మి గాదయా

ఎర్రముక్కపల్లె తమ్ముడొకరు ఈ గ్రూపులో అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఇద్దరు పాత్రలు కొట్లాడుకునే వీడియో గేముల్లో, అంటే ఫైటింగ్ గేముల్లో, ఏ శక్తీ లేని మామూలు మనిషి జోకర్ గుద్దితే సూపర్‌మ్యాన్ కింద పడతాడు, ఇదెక్కడి న్యాయం అని స్నేహితులతో వాదన పెట్టుకున్నాడట. ఆ వాదనలో వేమన పద్యం ఒకటి చెప్పాడట. సరైన చోటే వాడానా అని అడిగాడు. ఇద్దరు పెద్దలు ‘వేమన్నను గేముల్లోకి లాగొద్దు’ అన్నారు. వాళ్ళ మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నా, తమ్ముడు సరిగ్గానే వాడాడు. ముందు పద్యం చూద్దాం.

నీళ్ళలోన మొసలి నిగిడి యేనుగు బట్టు
బయట కుక్కచేత భంగపడును
స్థానబల్మి గాని తన బల్మి గాదయా
విశ్వదాభిరామ వినురవేమ

చాలామంది మూడో పాదాన్ని ‘స్థానబలిమి గాని తన బలిమి గాదయా’ అని చదువుతారు. మొదటి ‘బలిమి’ వరకూ ఇబ్బంది లేదు. మూడు లఘువులు, నగణం, సూర్యగణమే. రెండోది మాత్రం చెడుతుంది. ‘తన బలిమి’లో అయిదు లఘువులు వస్తాయి, అట్లాంటి ఇంద్రగణం లేదు. అక్కడ ‘తన బల్మి’ అంటేనే ఆటవెలది నిలుస్తుంది.

అర్థంలో నాకు ముఖ్యంగా కనిపించేది ‘భంగపడును’. చస్తుంది అనలేదు. ఓడి పరువు పోగొట్టుకుంటుంది, అంతే. మొసలి కంటే కుక్క బలమైనదని కూడా వేమన ఎక్కడా అనలేదు. ఆ పళ్ళు, ఆ తోక, ఆ బరువు నీళ్ళలో ఎంతో గట్టు మీదా అంతే. మొసలి మారలేదు, చోటు మారింది. ‘నిగిడి’ అంటే చెలరేగి, ఒళ్ళు సాచి. అట్లా చెలరేగే వీలు దానికి నీళ్ళే ఇచ్చాయి.

రెండు వేరు వేరు కథల వీరులను తెచ్చి ఒకే బరిలో కొట్లాడించే గేముకు నేను పెట్టే పరీక్ష ఇదే. చోటు మార్చి బలాన్ని మార్చావా, లేక మొసలినే మార్చేశావా? చోటు మారిస్తే ఆ వీరుడు ఇంకా ఆ వీరుడే. ఏ కారణమూ చెప్పకుండా బలాన్ని కోసేస్తే, అదే పేరు, అదే దుస్తులు పెట్టుకున్న ఇంకెవరో అక్కడ నిలబడినట్టు.

అసలు సూపర్‌మ్యాన్ బలమే స్థానబల్మి. మన సూర్యుడి వెలుగు సోకితేనే అతనికి ఆ శక్తి. అతను పుట్టిన క్రిప్టాన్ గ్రహపు ఎర్ర సూర్యుడి కింద అతను మామూలు మనిషే. మంత్రశక్తి అతన్ని గాయపరుస్తుందని కూడా కామిక్స్ ఎన్నో ఏళ్ళుగా చెప్పుకుంటూ వస్తున్నదే. అతన్ని పడగొట్టాలంటే దారులు కథలోనే ఉన్నాయి, వెతుక్కునే ఓపిక కావాలి.

2013లో వచ్చిన ‘ఇన్‌జస్టిస్’ అనే గేము అట్లాంటి దారి వెతికింది. అందులో సూపర్‌మ్యాన్ నియంత. అతన్ని ఎదిరించే వాళ్ళలో మామూలు మనుషులూ ఉన్నారు, ఒక్క దెబ్బకు పోవాల్సిన వాళ్ళు. అందుకని ఎముకనూ కండనూ గట్టిపరిచే మాత్ర ఒకటి కథలో పెట్టారు. కొంచెం సులువైన ఉపాయమే, ఒప్పుకుంటా. కానీ ‘విల్లు పట్టిన మనిషి సూపర్‌మ్యాన్ దెబ్బకు ఎట్లా తట్టుకున్నాడు’ అనే అనుమానం ఆడేవాళ్ళకు వస్తుందని తెలిసి, దానికి జవాబు ఇచ్చారు. ఆ మర్యాద చాలు నాకు. అంతకు ముందు 2008లో ‘మోర్టల్ కాంబాట్ వర్సెస్ డీసీ యూనివర్స్’లో రెండు లోకాలు (ఒకటి మోర్టల్ కాంబాట్ గేములది, ఒకటి సూపర్‌మ్యాన్ ఉండే డీసీ కామిక్స్‌ది) ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటే అందరి బలాలూ అదుపు తప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. ఇది పద్యానికి ఇంకా దగ్గర, చోటే చెడిపోయింది కదా. అదే గేములో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ ఓడినవాణ్ణి చంపరు. మోర్టల్ కాంబాట్ వాళ్ళకుండే ఫేటాలిటీలు, అంటే ఓడినవాణ్ణి చంపే ఆఖరి దెబ్బలు, వీళ్ళకు పెట్టలేదు. బలం ఒక్కటే కాదు, గుణం కూడా తప్పకూడదు అనే పట్టుదల అది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 2011 నాటి ‘అల్టిమేట్ మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3’లోని ఫీనిక్స్ రైట్. అతను వకీలు. చేతిలో ఫైళ్ళు తప్ప ఇంకేమీ లేదు. ఎదురుగా హల్క్, థోర్. మొదట్లో అతని దెబ్బను ఎవరూ లెక్కచేయరు. నేల మీద సాక్ష్యాలు వెతుక్కోవాలి, పనికిరానిది పారేసి పనికొచ్చేవి మూడు కూడబెట్టాలి. తర్వాత కోర్టు వాదనకు మారి, వేలు చూపించి ‘అబ్జెక్షన్’ అని అరిచి, ఆ అరుపు ఎదుటివాడికి తగిలితే అప్పుడు చెలరేగిపోతాడు. వకీలుకు కండలు అతికించలేదు చూడండి. కోర్టునే బరిలోకి తెచ్చారు. మొసలికి నీళ్ళు ఇచ్చారు. ‘నిగిడి’ అనే మాటకు ఇంతకంటే మంచి బొమ్మ ఎవరూ గీయలేరు.

అనంతపురం నుంచి ఒకరు: ‘అట్లయితే ఎట్లన్నా? గేమంటే ఇద్దరికీ సమానంగా ఉండల్ల. నిజంగా బలం ప్రకారం పెడితే జోకర్‌ను ఎవరు తీసుకుంటారప్పా? కథను కథలాగ, ఆటను ఆటలాగ చూడల్ల.’

సమానంగా ఉండాలనే నేనూ అనేది తమ్ముడూ. గెలిచే అవకాశం సమానంగా ఉండాలి, గెలిచే దారి ఎవరిది వాళ్ళకుండాలి. ఫీనిక్స్ రైట్ ఉన్న గేములోనే హల్క్‌కు ప్రాణం ఎక్కువ, ‘స్ట్రీట్ ఫైటర్’ గేముల నుంచి వచ్చిన అకుమాకు తక్కువ. అకుమా గట్టిగా కొడతాడు, కానీ దెబ్బలకు ఎక్కువసేపు ఆగలేడు. ఇద్దరూ గెలవగలరు, ఎవరూ ఇంకొకరిలాగ మారలేదు. తూకం వేయడమంటే అందరినీ ఒకే కొలతకు నరకడం కాదు.

కర్నూలు నుంచి ఒక మేష్టారు: ‘పోతన పద్యం ఎవరూ చెప్పలేదేం? కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచుఁ గరకరి బెరయన్. వేమన సూత్రం చెప్తే పోతన ఆట ఆడి చూపించాడు.’

మేష్టారూ, నమస్కారం. నిజమే! మొసలి ఏనుగును చెరువులోకి లాగుతుంది, ఏనుగు మొసలిని గట్టుకు లాగుతుంది. కొట్లాట కొట్టుకోవడం కోసం కాదు, చోటు కోసం. ఎవరి చోటుకు లాగితే వాళ్ళదే గెలుపు. ఫైటింగ్ గేము బాగా ఆడేవాళ్ళు చేసేదీ అదే. దూరం నుంచి విసిరేవాడు దూరం నిలుపుకోవాలని చూస్తాడు, పట్టి పడేసేవాడు దగ్గరికి రావాలని చూస్తాడు. (ఒంటిమిట్ట పోతన మనవాడా కాదా అనే తగవు ఇక్కడ మొదలుపెట్టకండి, దానికి వేరే థ్రెడ్ ఉంది.)

ఇక తమ్ముడి రెండో ప్రశ్న. ఇట్లాంటి గేములో ఎవరు గెలిచారో అది అసలు కథలో లెక్కకు వస్తుందా? మన దగ్గర దీనికి ఎప్పటినుంచో మాట ఉంది, అవాల్మీకం, అంటే వాల్మీకి రాయనిది. లక్ష్మణరేఖ, ఊర్మిళ నిద్ర వాల్మీకిలో లేవు. మన ఊళ్ళలో నాటకంగా ఆడే రామాంజనేయ యుద్ధమూ లేదు. అయినా ఆ నాటకం చూసినవాళ్ళెవరూ రాముడి బలం తగ్గించారని అలగరు. హనుమంతుడు రామనామం జపిస్తుంటే రామబాణం ఏమీ చేయలేకపోతుంది. హనుమంతుణ్ణి రాముడి కంటే పెద్ద చేయలేదు, రామనామం దగ్గరికి చోటు మార్చారు. మూలంలో లేకపోయినా మూలానికి ద్రోహం చేయని కల్పన అంటే అది. గేముల్లోనూ రెండు రకాలున్నాయి. 2012 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్’ రెండు కథలకూ బయటిది. ‘టెక్కెన్ 7’లో మాత్రం అకుమా ఆ కథలోనే ఒక పాత్ర, తన భర్త హెయిహాచినీ కొడుకు కజుయానూ చంపమని కజుమి అతన్ని కోరుతుంది. అక్కడ అతను చేసింది లెక్కకు వస్తుంది.

పద్యం వేమనదేనా అని కూడా ఒకరు పక్కన అడిగారు. బ్రౌన్ 1829లో అచ్చు వేసినప్పుడు 693 పద్యాలు, 1839లో 1,164. పదేళ్ళలో అంత పెరిగాయంటే ఏది ఆయనది, ఏది తర్వాతివాళ్ళు కలిపింది అనే ప్రశ్న ప్రతి పద్యానికీ ఉంటుంది. ఈ పద్యం నడక, నీళ్ళూ గట్టూ తెలిసిన చూపు వేమనవే అని నా నమ్మకం. మొదటి పాదం చివర కొందరు ‘ఏనుగు బట్టు’ అంటారు, కొందరు ‘ఏనుగు దీయు’ అంటారు. కదిరి, గాండ్లపెంట, కటారుపల్లె వైపు వాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఎట్లా విన్నారో రాయండి.