నాలుగు పనుల కొత్త పట్టీ: గోడంతా గీతలే, ఏం చెయ్యాలె?

జగిత్యాల_పూతపని (మధ్యాహ్నం 2:10)
పొద్దుగాల ఏడున్నరకు మొదలువెట్టిన, ఇప్పటికి ఒక్క గోడ కాలే. కొత్తగ వచ్చిన నాలుగు పనుల పట్టీ ఉంది గదా, ఒకటే హ్యాండిల్, దానికి స్టీలు బ్లేడు, ప్లాస్టిక్ బ్లేడు, స్పాంజి, దువ్వెన లెక్క పండ్లున్న బ్లేడు మార్చుకునుడు. నాది రెండడుగులది. తాపీ, చెక్క, గుర్మాలా అన్నిటికీ ఇదొక్కటే చాలన్నరు. పట్టీ లాగిన ప్రతిసారి రెండు పక్కల రెండు గీతలు, రైలు పట్టాల లెక్క. వాటిని తీద్దామని మళ్ల లాగితే పక్కన ఇంకో రెండు. నడుమల గుంత వడ్తాంది. నీళ్లు ఎక్కువ పోసిన, తక్కువ పోసిన. ఒత్తి లాగిన, అలకగ లాగిన. ఏంజేసినా అంతే. ఈ సామాను పనికొస్తదా, వాపస్ ఇయ్యాల్నా? వాడినోళ్లు చెప్పుండ్రి. రేపు ఓనరు వస్తడు.

గోదారి_మేస్త్రీ (2:24)
గీతలు సామాను వల్ల రావండి, ఇసక వల్ల వస్తాయి. ఈ సంగతి ఎన్నిసార్లు రాసినా ఎవరికీ ఎక్కదు. ఇప్పుడు అందరూ రాయి పొడి చేసి తీసే రోబో శాండే కదా. కాంక్రీటుకి ఇచ్చేది వేరు, పూతకి ఇచ్చేది వేరు. లోడు దించేటప్పుడు అడక్కపోతే కాంక్రీటుదే పోసి పోతాడు. దాంట్లో 4 ఎంఎం పలుకు ఉంటుంది. ఆ పలుకు పట్టీ కింద పడితే గోడ మీద గీతే. 2.36 ఎంఎం జల్లెడ పట్టి వాడండి.
మట్టి ఎంతుందో కూడా చూసుకోవాలి. నిలువుగా ఉన్న గాజు సీసాలో సగం దాకా ఇసక పోసి, ముప్పావు దాకా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి 3 గంటలు కదపకుండా పెట్టండి. పైన పేరుకున్న మెత్తటి పొర ఎత్తుని కింద ఇసక ఎత్తుతో భాగించండి. 8 శాతం దాటితే ఆ ఇసక పూతకి పనికిరాదు, కడిగి వాడాలి. లోపలి గోడకి సిమెంటు, ఇసక 1:6, మందం 12 ఎంఎం. బయటకి 1:4, రెండు పూతలు. ఆ పైన ఏడు రోజులు నీళ్లు కొట్టాలి. మూడు రోజులకే ఆపేస్తున్నారు, గోడ గోటితో గీకితే రాలిపోతోంది.

గుండు_దారం (2:31)
గోడకి పూసేది ఏ మాలు? ఎన్నో కోటు? ఎన్ని ఎంఎం?

జగిత్యాల_పూతపని (2:33)
పట్టీ అని రాసిన గదన్నా.

గుండు_దారం (2:34)
అది సామాను పేరు. మాలు పేరు అడిగాను.

జగిత్యాల_పూతపని (2:36)
మాలు సుత పట్టీయే. తెల్ల సిమెంటు పట్టీ. గోడకు పట్టీ పెడుతున్న అంటే ఇంకేమంటరు?

గోదారి_మేస్త్రీ (2:41)
పుట్టీ అనాలండి దాన్ని. పట్టీ అంటే మట్టం చూసుకుంటూ లాగే అల్యూమినియం పట్టీ. మీరు పట్టీతో పట్టీ లాగాను అంటే ఎవడికి అర్థమవుతుంది? నేను సిమెంటు పూత అనుకుని ఇంత రాశాను. అయినా రాసింది తప్పు కాదు.

లప్పం_కాంట్రాక్టు (2:44)
మా దగ్గర అందరూ లప్పం అనే అంటారు. పుట్టీ అనేది బస్తా మీద మాట.

సైటింజనీరు_నిజాంపేట (2:52)
లప్పం వేరండీ. సుద్దపొడిలో నూనె కలిపి పెయింటర్లు చేసుకునేది లప్పం, అది తలుపు చెక్కకి పట్టేవాళ్లు. ఇది తెల్ల సిమెంటు పుట్టీ. మూడోది డబ్బాలో ముద్దగా వచ్చే అక్రిలిక్. మూడూ ఆరే తీరు వేరు. సిమెంటు పుట్టీకి గోడ తడపాలి, అక్రిలిక్‌కి తడపకూడదు. అందుకే పేరు కలిపేస్తే పనిలో తేడా వస్తుంది.
అసలు విషయానికి వద్దాం. ఇవి చెప్పండి: ఇది మొదటి కోటా, రెండోదా? రెండోదైతే మధ్యలో ఎంతసేపు ఆగారు? గోడ తడిపారా? బస్తాకి నీళ్లెన్ని?

లప్పం_కాంట్రాక్టు (2:55)
పేరులో ఏముంది సార్, గోడకి పెట్టడం ముఖ్యం. ఇంకో మాట, ఆయన తాపీ, గుర్మాలా రెండూ ఇదే అన్నాడు. తాపీతో మాలు విసురుతాం, గుర్మాలాతో నున్నగా లాగుతాం. రెండూ ఒక్క సామానెలా అవుతుంది? హిందీ మేస్త్రీలు కర్నీ అనేది మన తాపీ. వాళ్లు థాపీ అంటే కొట్టే చెక్క. డబ్బా మీద ఏ భాషలో రాశారో అక్కడే మోసపోయి ఉంటారు.

షార్జా_జిప్సం (3:08)
ఈ రకం బ్లేడు ఇక్కడ జిప్సం పనిలో రోజూ వాడతాం, 60 సెంటీమీటర్ల నుంచి 120 దాకా. నా లెక్క ప్రకారం నాలుగు పనుల్లో రెండు నిజం, ఒకటి సగం, ఒకటి వట్టిది.
స్టీలు బ్లేడు: పుట్టీ రెండో కోటుకీ, జిప్సం చివరి లాగుడికీ బాగుంటుంది. 0.4 ఎంఎం రేకు, కొంచెం వంగుతుంది, అదే దాని గొప్ప. 8 అంగుళాల బ్లేడుతో మూడు లాగుళ్లయ్యేది దీంతో ఒకటే.
పండ్ల బ్లేడు: బయటి గోడకి రెండు పూతలేస్తే మొదటి పూత మీద గాట్లు పెట్టడానికి పనికొస్తుంది. మేకులు కొట్టిన చెక్క కన్నా నయం.
ప్లాస్టిక్ బ్లేడు: మాలు పరచడానికి పర్లేదు. ఎండలో వదిలేస్తే మెలి తిరుగుతుంది, ఇక పారెయ్యడమే.
స్పాంజి: వద్దు. రెండడుగుల పొడవుకి ఒక్క చేతి ఒత్తిడి సమంగా పడదు. వెల్క్రోతో అతికించారు, అందులో ఇసుక చేరితే రెండో రోజే ఊడుతుంది. అడుగు పొడవు మామూలు స్పాంజి చెక్కే మేలు.
సిమెంటు మాలుకి స్టీలు బ్లేడు అసలు వాడకండి. 12 ఎంఎం మందం మాలుని ఈ రేకు ఆపలేదు, పైగా ఇసుక అంచుని తినేస్తుంది.
జిప్సం వాళ్లకి ఒక మాట. 25 కిలోల బస్తాకి 15 నుంచి 17 లీటర్లు. ముందు నీళ్లు, తర్వాత పొడి. 20, 30 నిమిషాల్లో బిగుస్తుంది. బక్కెట్లో పాత గట్టి ముక్కలు మిగిలితే ఇంకా తొందరగా బిగుస్తుంది, ప్రతిసారీ కడగాలి. బాత్రూంలో జిప్సం వద్దు.

జగిత్యాల_పూతపని (3:15)
రెండో కోటు సార్. మొదటిది ఇయ్యాల పొద్దుగాలనే పెట్టిన, గంట ఆగి రెండోది. గోడ పొద్దున తడిపిన. నీళ్లు అందాజుగ. గట్టివడితే గమేళాలనే మళ్ల కొన్ని కలిపిన. షార్జా అన్నా, నిన్న బాత్రూంల సిమెంటు మాలుకు సుత ఇదే బ్లేడు వాడి చూసిన, మంచిగనే లాగింది.

గుండు_దారం (3:16)
ఇది రెండు పదికే రాయాల్సింది.

గోదారి_మేస్త్రీ (3:18)
ఇసకే అని నేను ముందే చెప్పానా లేదా?

సైటింజనీరు_నిజాంపేట (3:34)
ఇప్పుడు తెలిసింది. మీ గోడ మీద మూడు తప్పులు ఒకచోట కలిశాయి, అందుకే ఒకటి సరిచేస్తే ఇంకోటి కనిపిస్తోంది.
పక్క గీతలు: బ్లేడు కొసలు కొత్తలో కత్తిలా చదరంగా ఉంటాయి. అల్యూమినియం వెన్నులోంచి బ్లేడు తీసి, 400 నంబరు నీళ్ల ఎమిరీ కాగితం మీద రెండు కొసల్నీ 2 ఎంఎం మేర గుండ్రం చెయ్యండి. తర్వాత గ్రానైట్ ముక్క మీద ఎమిరీ పరిచి, నీళ్లు చల్లి, బ్లేడుని నిలువుగా పట్టుకుని అంచుని పది పన్నెండు సార్లు తేలిగ్గా లాగండి. నిన్నటి ఇసుక చేసిన గాట్లు పోతాయి. చివర్లో బ్లేడుని దాదాపు పడుకోబెట్టి రెండు వైపులా రెండేసి సార్లు లాగితే అంచున లేచిన రేకు రాలుతుంది. గోటితో అడ్డంగా తడిమితే ఎక్కడా తగలకూడదు.
నడుమ గుంత: బ్లేడు కూర్చునే గాడిలో నిన్నటి మాలు ఎండి ఉంటుంది. మధ్యలో చిన్న పలుకున్నా బ్లేడు అక్కడ ముందుకొస్తుంది, అక్కడే ఎక్కువ గీరుతుంది. సన్నటి పుల్లతో గాడి మొత్తం తియ్యండి. బిగించాక అంచుని గాజు పలక మీద ఆనించి వెనక నుంచి ఫోను లైటు వెయ్యండి. వెలుతురు ఎక్కడ దూరితే అక్కడ ఆనలేదన్నమాట. హ్యాండిల్ మరలు రెండే, ఒకటి వదులైనా ఇంతే. మరీ బిగించకండి, అల్యూమినియంలో మర అరిగిపోతుంది.
మాలు: 5 కిలోల పొడికి 1.8 నుంచి 1.9 లీటర్లు, అంటే 40 కిలోల బస్తాకి 14.5 నుంచి 15 లీటర్లు. నీళ్లలో పొడి వేసి కలిపి, పది నిమిషాలు వదిలి మళ్లీ కలపాలి. 3 గంటల్లో అయిపోయేంతే కలుపుకోండి. గట్టిపడ్డదాన్లో నీళ్లు పోస్తే ఆరాక పొడి రాలుతుంది, దాని మీద వేసిన రంగు కూడా ఊడుతుంది. ఆ గమేళా మాలు పారెయ్యండి. రెండు కోట్ల మధ్య కనీసం 3 గంటలు, వీలైతే రాత్రంతా ఆగాలి. గంటకే పెడితే కింది కోటు బ్లేడుతో పాటు లేచి వస్తుంది. రెండు కోట్లూ కలిపి 1.5 ఎంఎం మించకూడదు. అంతకన్నా లోతు గుంతలు పుట్టీతో కాదు, ముందే సిమెంటు మాలుతో నింపాలి.

షార్జా_జిప్సం (3:47)
లాగే పద్ధతి కూడా చెప్పాలి. ఒక లాగుడు మీద ఇంకోటి మూడో వంతు ఎక్కాలి. లాగేసిన వైపు అంచు గోడకి ఆనాలి, ఇంకా లాగని వైపు అంచు వెంట్రుకంత లేవాలి. అప్పుడు మిగులు మాలు ముందున్న పచ్చి వైపే పడుతుంది, తర్వాతి లాగుడు దాన్ని తీసేస్తుంది. ఆయన రెండు చివరలూ సమంగా ఒత్తుతున్నట్టున్నాడు, అందుకే రెండు పక్కలా పట్టాలు. ముందు కింది నుంచి పైకి పరిచి, తర్వాత అడ్డంగా లాగాలి. బ్లేడు పడుకోబెడితే మాలు నిలుస్తుంది, నిలబెడితే గీరుకుపోతుంది. ప్రతి లాగుడికీ అంచు తుడవాలి, ఎండిన పలుకు ఒక్కటున్నా గీతే.

లప్పం_కాంట్రాక్టు (3:55)
ఇంత చదివే బదులు 8 అంగుళాల బ్లేడు తీసుకుంటే ఈపాటికి గోడ అయిపోను. స్విచ్చు బోర్డు చుట్టూ, కిటికీ మూలల్లో ఎలాగూ అదే కావాలి. పదడుగుల ఖాళీ గోడ ఎన్ని ఇళ్లల్లో ఉంది?

సైటింజనీరు_నిజాంపేట (4:02)
అపార్టుమెంటు హాల్లో ఉంటుంది. ట్యూబులైటు వెలుగు గోడ వెంట పక్కగా పడితే చిన్న బ్లేడు అలలు అన్నీ కనిపిస్తాయి. అక్కడ దీనికి విలువ.

గోదారి_మేస్త్రీ (4:06)
పూత సరిగ్గా మట్టం చేస్తే అలలెందుకొస్తాయండి? గోడ మీద మట్టం మార్కులు ఎన్ని అడుగులకి ఒకటి పెడుతున్నారో అడగండి. మార్కులు పెట్టి తూకం గుండు వేసే రోజులు పోయాయి. ఇప్పుడు పుట్టీతో కప్పెయ్యడమే పనైపోయింది.

గుండు_దారం (4:07)
బ్లేడు స్టెయిన్‌లెస్సా, మామూలు ఇనుమా? ఇనుమైతే కడిగి తుడవకపోతే రేపటికి తుప్పు. తెల్ల పుట్టీలో గోధుమ మరకలొస్తాయి.

జగిత్యాల_పూతపని (6:40)
స్టెయిన్‌లెస్సే అని రాసి ఉంది. కొసలు రుద్దినంక గీతలు పోయినయ్. గాడిల మాలు ముద్ద ఎల్లింది. గుంత ఇంక కొంచెం ఉన్నట్టే కొడతాంది, తడి మీద తెలుస్తలేదు. మిగిలిన గోడలకు రేపు పెడత. థాంక్స్.

గోదారి_మేస్త్రీ (6:52)
బాత్రూంలో వాడిన ఇసక జల్లించారా లేదా, అది చెప్పలేదు.

కొత్తగూడెం_పెయింట్స్ (8:15)
ఈ రెండడుగుల దాని స్టీలు బ్లేడు ఒక్కటే విడిగా దొరుకుతుందా? మిగతా మూడూ నాకు అక్కర్లేదు.