“ఇది తోరా, నేను నేర్చుకోవాలి”: మంచం కింది నుంచి వచ్చిన మాట

యూదుల ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లో, బెరాఖోత్ అనే భాగం 62వ పత్రంలోని కథ ఇది. దీన్ని తెలుగులో రాస్తూ ఒక మాట దగ్గర ఆగాను. బాబిలోనియాలో సూరా విద్యాపీఠాన్ని స్థాపించిన రవ్ ఒకసారి భార్యతో కబుర్లాడి, నవ్వి, ఆపై ఆమెను కూడాడు. శిష్యుడు రవ్ కహానా మంచం కింద దాక్కుని అంతా విన్నాడు. ఉండబట్టలేక, “అబ్బా నోరు ఈ వంటకాన్ని ఎన్నడూ రుచి చూడనట్టుందే!” అన్నాడు. (అబ్బా అన్నది రవ్ అసలు పేరు, మన ఆశ్చర్యార్థకం కాదు.) “కహానా, ఇక్కడున్నావా? బయటికి పో, ఇది మర్యాద కాదు” అన్నాడు గురువు. శిష్యుడి జవాబు: “తోరా హీ, వెలిల్మోద్ అనీ త్సారిఖ్.” ఇది తోరా, నేను నేర్చుకోవాలి.

తోరా అంటే యూదుల పవిత్ర గ్రంథం, దాని బోధ. ఇక్కడ ‘తోరా’కు తెలుగు బైబిలు వాడే ‘ధర్మశాస్త్రం’ నప్పుతుందా? నాకు ఆ మాటలో విధినిషేధాలే వినిపిస్తున్నాయి. కహానా వెతికింది గురువు బతికే తీరును.

స్పందన:
‘తోరా’ను అలాగే ఉంచండి. గురువు మాటను మాత్రం వదలకండి. ఆయన అరమాయిక్‌లో ‘ఒరహ్ అర్ఆ’ కాదన్నాడు. అంటే లోకపు దారి కాదని. మన ‘లోకమర్యాద’ దానికి చక్కగా సరిపోతుంది. శిష్యుడు మాత్రం హీబ్రూలో బదులిచ్చాడు. ఎందుకంటే అది అప్పటికే పాత మాట. అదే పత్రంలో, అంతకు ముందు తరాల పండితుడు రబ్బీ అకీవా తన గురువు యెహోషువ వెంట మరుగుదొడ్డికి వెళ్లి, అంత తెగువ ఏమిటని నిలదీసిన బెన్ అజ్జాయికి ఇదే జవాబు చెప్పాడు. బెన్ అజ్జాయి కూడా అకీవాను అలాగే వెంబడించి, తన వంతు వచ్చినప్పుడు ఇదే అన్నాడు. కహానా వాళ్ల మాటను అడ్డుపెట్టుకున్నాడు. ఎవరిది ఒప్పో తేల్చకుండానే గ్రంథం వేరే విషయానికి వెళ్లిపోతుంది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
ఒప్పుకుంటాను. ఈ కథను ‘సిగ్గుపడకుండా నేర్చుకోవడానికి’ ఉదాహరణగా మాత్రమే చెప్పేవారితో నాకు పేచీ ఉంది. ఆ గదిలో మూడో మనిషి ఉంది. ఆమెకు పేరు లేదు, మాట లేదు. ఆమె అనుమతి కహానా అడగలేదు, ఎవరూ అడగలేదు. నాకు ఇది చిన్న సంగతి కాదు. తాల్ముద్‌లోనే ఏరువీన్ అనే భాగం 100వ పత్రంలో, భార్యను బలవంతపెట్టడం నిషిద్ధమని రవ్ అస్సీ పేరుతో రామీ బర్ హామా చెప్పాడు. ఆమె ఇష్టానికి విలువ ఉందని అంత స్పష్టంగా తెలిసిన సంప్రదాయం ఇది.

హగీగా అనే మరో భాగం 5వ పత్రం ఈ కథనే మళ్లీ ఎత్తుకుంటుంది. భార్యతో ఆడిన పనికిరాని మాటలను సైతం మరణవేళ మనిషికి గుర్తుచేస్తారని చెప్పింది రవ్వే. మరి ఆయనే ఆమెతో అంతగా ఎలా నవ్వాడు? ఆమెను ప్రసన్నం చేసుకోవలసిన సమయంలో ఆ మాటలకు దోషం లేదని అక్కడ సమాధానం. మంచం కింద ఉన్నవాడికి తిండియావలా వినిపించింది ఆమె మనసు కోసం చేసిన ప్రయత్నమన్నమాట. దానికి ‘అనునయం’ అని రాస్తున్నాను. ‘బుజ్జగింపు’ అంటే పసిపిల్లను లాలించినట్టుంటుంది.