నల్ల పైన్ బోన్సాయ్: వసంతపు చిగుళ్లను ఏటా కత్తిరించాల్సిందేనా?

చిన్నకుండీ (న్యూజెర్సీ):

జపనీస్ నల్ల పైన్ పెంచుతున్నవారి సలహా కావాలి. నా చెట్టుకు కాండం, కొమ్మల అమరిక దాదాపు కుదిరాయి. వసంతంలో కొవ్వొత్తుల్లా నిలువుగా లేచే కొత్త చిగుళ్లను, అదే మనం క్యాండిళ్లు అనేవాటిని, కొన్నేళ్లుగా జూన్ చివర్లో మొదలంటా కత్తిరిస్తున్నాను. రెండో విడత చిగుళ్లకు సూది ఆకులు పొట్టిగా, ముచ్చటగా వస్తున్నాయి. ఈ మార్చిలో కుండీ మార్చాను. ఇప్పుడు చూస్తే తల దగ్గర చిగుళ్లు వేలెడు పొడవు సాగాయి, కింది కొమ్మల మీదివి అంగుళం కూడా లేవు.

ఇక్కడి బోన్సాయ్ సంఘంలో ఇద్దరు పెద్దలను అడిగాను. ఒక్క ఏడాది వదిలినా చెట్టు చేయి దాటిపోతుందని ఒకరన్నారు. ఈ ఏడాది కత్తెర ముట్టుకోనే వద్దని ఇంకొకరన్నారు. ఏటా చేయాల్సిందేనా? మీరేమంటారు?

వేపచెట్టు (డాలస్):

ఏటా చేయాల్సిందే. నల్ల పైన్ బలమంతా తలకే ఎక్కుతుంది. ఒక్క వేసవి వదిలేస్తే పై చిగుళ్లు జానెడు సాగి నీడ పరుస్తాయి. ఎండ తగలక లోపలి చిన్న చిగుళ్లు మాడిపోతాయి. మర్రి, జువ్వి అయితే మోడు మీద కూడా చిగురు వేస్తాయి. పైన్ అలా కాదు, ఆకు లేని పాత కొమ్మ మీద మళ్లీ చిగురు రావడం అరుదు. లోపలి చిగురు పోయిన చోట కొమ్మ బోసిగానే ఉండిపోతుంది. దాన్ని సరిదిద్దాలంటే అంటు కట్టడం తప్ప దారి లేదు.

చెట్టు నీరసిస్తుందని భయపడేవారిలో చాలామంది దాన్ని సరిగా మేపరు. వసంతం మొదలు జూన్ దాకా ఎరువు దండిగా పెట్టాలి. చిగుళ్లు కోసిన రోజున కుండీలోని ఎరువు తీసేయాలి, లేకపోతే రెండో విడత ఆకులు కూడా పొడుగు సాగుతాయి. ఆ ఆకులు గట్టిపడ్డాక సెప్టెంబరులో మళ్లీ మొదలుపెట్టాలి. ఈ క్రమం తప్పకపోతే ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఏటా తట్టుకుంటుంది.

సైతామావాసి (జపాన్):

వేపచెట్టు గారు చెప్పిన ఎరువు క్రమం సరైనదే. నా పేచీ అంతా ఆ ‘ఏటా’తోనే.

నేనుండేది ఒమియా బోన్సాయ్ గ్రామానికి దగ్గర్లో. 1923 భూకంపం తర్వాత టోక్యో నుంచి తరలివచ్చిన బోన్సాయ్ తోటల వాళ్లు 1925లో ఏర్పరచుకున్న ఊరు అది. జూన్, జూలైల్లో అక్కడి తోటలకు వెళితే, పక్కపక్కనే ఉన్న రెండు నల్ల పైన్లలో ఒకదానికి చిగుళ్లన్నీ తీసేసి ఉంటాయి, రెండోదాన్ని అలాగే వదిలేసి ఉంటారు. తేదీ వచ్చింది కదా అని చెట్లన్నిటి మీదా కత్తెర వేయరు. మెకిరి అని ఇక్కడివారు పిలిచే ఈ కోత, రూపం కుదిరిన చెట్టుకు మెరుగు పెట్టే పని. ఆకు పొట్టిగా రావాలి, కొమ్మ చివర రెండుగా చీలాలి, అందుకోసం చేస్తారు. ఇంకా ఎదగాల్సిన చెట్టుకు దీని అవసరమే లేదు. షికోకు దీవిలో తకమత్సు దగ్గరి కినాషి, కొకుబున్‌జి ప్రాంతాల్లో పైన్ బోన్సాయ్‌లను పొలాల్లో వరుసలుగా పెంచుతారు. జపాన్ పైన్ బోన్సాయ్‌లలో అధిక భాగం అక్కడివే. కాండం లావెక్కడానికి ఒక కొమ్మను ఇష్టమొచ్చినంత పెరగనిచ్చి, పని తీరాక నరికేస్తారు. పెరగడమే ఆ కొమ్మ పని కాబట్టి దాని చిగుళ్ల జోలికి ఎవరూ పోరు.

చిన్నకుండీ గారి చెట్టుకు రూపం కుదిరింది, నిజమే. కానీ మార్చిలో వేళ్లు కోసి కుండీ మార్చారు. ఆ చెట్టు ఇప్పుడు పథ్యం మీదున్న బాలింత లాంటిది. వసంతపు చిగురు నిరుడు దాచుకున్న నిల్వతోనే పెరుగుతుంది. కొత్త ఆకులు విచ్చుకుని ఆ నిల్వను మళ్లీ నింపబోయే సమయానికి వాటిని కోసేస్తున్నాం. వేళ్లు నిండుగా ఉన్న చెట్టు రెండో విడతకు కూడా సమకూర్చుకోగలదు. వేళ్లు ఇంకా కోలుకుంటున్న చెట్టును అలా అడగడం అన్యాయం. ముందుగా దెబ్బతినేది ఆ అంగుళం లేని కింది చిగుళ్లే.

కోసే ఏడాదిలో కూడా అన్నిటినీ ఒకే రోజు కోయాలని లేదు. నిరుటి ఆకులు ఆగిపోయి కొత్త చిగురు మొదలయ్యే చోట నున్నటి మెడ కనిపిస్తుంది. కత్తెర అక్కడ అడ్డంగా, తిన్నగా పడాలి. ఏటవాలుగా పడితే కొత్త మొగ్గలు సమానంగా రావు. కోసిన కాసేపటికి జిగురు బొట్టు కట్టి మెరుస్తుంది, గాయాన్ని మూసేది అదే, తుడవకండి. బలహీనమైన చిగుళ్లను ముందు కోసి, బలమైనవాటిని వారం పది రోజులు ఆగి కోస్తే, కింది కొమ్మలకు ముందుగా ఎదిగే వీలు దొరుకుతుంది. తల, కింది కొమ్మలు అలా సమానమవుతాయి.

వేపచెట్టు (డాలస్):

కుండీ మార్చిన ఏడాది వదిలేయాలన్న మాట నాకూ సమ్మతమే. కానీ ‘చెట్టు బలాన్ని బట్టి’ అని వదిలేస్తే చాలామంది చేతిలో అది బద్ధకానికి సాకవుతుంది. బలం ఉందో లేదో దేన్ని చూసి తేల్చుకోవాలి? కొలత చెప్పని సలహా కొత్తవారికి ఎందుకూ కొరగాదు.

గోదారిగట్టు (సియాటిల్):

ఒక కొలత నేను చెబుతాను. మీ ఊళ్లో చలికి చెట్టు ఎదుగుదల ఎప్పుడు ఆగుతుందో చూసుకుని, అక్కడి నుంచి సుమారు 100 రోజులు వెనక్కి లెక్కపెట్టండి. కోతకు అదే సమయం. మరీ ముందు కోస్తే రెండో విడత ఆకులు పొడుగవుతాయి. మరీ ఆలస్యం చేస్తే గట్టిపడకముందే చలి వచ్చి పడుతుంది. డాలస్‌లో వేసవి దీర్ఘం కాబట్టి జూలైలో కోసినా సరిపోతుంది. మా దగ్గర జూన్ మొదట్లోనే కోయాలి, అప్పుడు కూడా వేసవి చల్లగా ఉంటే రెండో విడత అరకొరగానే వస్తుంది. అందుకే ఇక్కడ ఏడాది విడిచి ఏడాది చేసేవాళ్లున్నారు. వేపచెట్టు గారూ, డాలస్ పంచాంగం సియాటిల్‌లో చెల్లదండీ.

ఇది చదివేవారిలో తెల్ల పైన్ ఉన్నవారికి ఒక హెచ్చరిక. వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షవనంలో యమాకి పైన్ ఉంది. 1625 నుంచి కుండీలో పెరుగుతూ, హిరోషిమా బాంబు దాడిని తట్టుకుని నిలిచి, 1976లో అమెరికాకు కానుకగా వచ్చిన చెట్టు. దాన్ని చూసి ముచ్చటపడి తెల్ల పైన్ కొనుక్కునేవారు చాలామంది. మనం మాట్లాడుకుంటున్న కోత దానికి పనికిరాదు. ఆకులు రెండేసి చొప్పున వచ్చే నల్ల పైన్ కోత తర్వాత రెండో విడత వేయగలదు. ఐదేసి చొప్పున వచ్చే తెల్ల పైన్‌కు ఏడాదికి ఒక్క విడతే. చిగురు మెత్తగా ఉండగానే, వసంతంలో, పొడుగైనవాటిని కొంత గిల్లి ఊరుకోవాలి. జూన్‌లో మొదలంటా కోస్తే కొమ్మే పోవచ్చు.

సైతామావాసి (జపాన్):

వేపచెట్టు గారు కొలత అడగడం న్యాయమే. నేను మూడు చూస్తాను. ఒకటి, కింది కొమ్మల చిగుళ్లు. అవి కూడా బాగా సాగితేనే చెట్టంతా బలంగా ఉన్నట్టు. తలను చూసి మోసపోవద్దు. రెండు, నిరుటి ఆకు రంగు, బిరుసుదనం. అన్నిటికంటే నేను నమ్మేది మూడోదాన్ని, అది కుండీలో తడి. వేసవి ఎండలో పొద్దున పోసిన నీరు సాయంత్రానికి ఆరిపోతుంటే వేళ్లు పనిచేస్తున్నాయి. మర్నాటికి కూడా తడి అలాగే ఉంటే కత్తెర లోపల పెట్టేయండి.

కోయకపోయినా చేయాల్సిన పని బోలెడుంది. శరత్తులో తల దగ్గర సాగిన చిగుళ్లను కొన్ని జంటల ఆకులు ఉంచి పొట్టి చేయండి. ఆకులుంటే కొత్త మొగ్గలు పుట్టే వీలుంటుంది. పాత ఆకులను తల దగ్గర ఎక్కువగా, నడుమ కొద్దిగా లాగేయండి, కింది కొమ్మల మీద ఒక్కటి కూడా తీయకండి. కొమ్మ చివర మూడు నాలుగు మొగ్గలుంటే పక్కలకు పోయే రెండింటిని ఉంచండి. ఇవన్నీ చేస్తే లోపలికి వెలుతురు పడుతుంది, వేపచెట్టు గారు భయపడే నష్టం చాలావరకు తప్పుతుంది.

చిన్నకుండీ (న్యూజెర్సీ):

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే వెళ్లి మట్టి తవ్వి చూశాను. నిన్న పొద్దున పోసిన నీటికి అంగుళం లోతున ఇంకా తడి ఉంది. ఈ ఏడాది చిగుళ్లు కోయను. ఎరువు మాత్రం వేసవంతా పెట్టవచ్చా?

వేపచెట్టు (డాలస్):

పెట్టండి. వేళ్లు ఇంకా నెమ్మదిగా ఉన్నాయి కాబట్టి మోతాదు కొద్దిగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. ఈ ఏడాది ఆకులు పొడుగవుతాయి, కానివ్వండి. సైతామావాసి గారు చెప్పిన శరత్తు పని మాత్రం ఎగ్గొట్టకండి. అది చేయకపోతే నేను మొదట చెప్పిన మాటే నిజమవుతుంది. వచ్చే జూన్‌కు కింది చిగుళ్లు పుంజుకుంటే కోయాల్సిందే, వరసగా రెండో ఏడాది వదలడానికి నేను ఒప్పుకోను. అప్పుడు లోపలి కొమ్మల ఫొటోలు పెట్టండి, చూసి మాట్లాడుకుందాం.