పాపకు ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో మార్పు ఉందని రిపోర్ట్ వచ్చింది. మా మేనరికం వల్లేనా?

ఖమ్మం అమ్మ:
మా పాపకు 14 నెలలు. ఆరో నెలలో నూనె రాసి వేడినీళ్లు పోస్తుంటే మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాత్రమే కొట్టుకున్నాయి. 25 నిమిషాలు ఆగలేదు. ఎమ్మారై, ఈఈజీ నార్మల్. జ్వరం ఫిట్సే అన్నారు. తర్వాత జ్వరం వచ్చినప్పుడల్లా వచ్చాయి, ఒకసారి కుడివైపు. ఇప్పుడు జన్యు పరీక్షలో ఎస్‌సీఎన్1ఏ మార్పు ఉందని, డ్రావే సిండ్రోమ్ (పసితనంలోనే మొదలయ్యే తీవ్రమైన ఫిట్స్ జబ్బు) అని రాశారు. డాక్టరు గారిని కలిసేది వచ్చే వారం. మేనమామ కొడుకునే చేసుకున్నాను. "చేతులారా చేశాం" అని అత్తమ్మ రోజూ ఏడుస్తోంది. నిజంగా అందుకేనా?

బాబు వాళ్ల అమ్మ:
కాదు చెల్లీ. మా బాబుకు 9 ఏళ్లు, ఇదే జబ్బు. మాకు ముందు ఏ చుట్టరికమూ లేదు. మేనరికంలో భయపడేది అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే జన్యువు ప్రతులు రెండూ పాడైతేనే వచ్చే జబ్బులకు. దీనికి ఒక్క ప్రతి పాడైనా చాలు. అది కూడా ఎక్కువమందిలో బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. మీ ఇద్దరి రక్తం పరీక్షిస్తే తెలుస్తుంది. మా ఇద్దరిలోనూ లేదని వచ్చిన రోజు మా ఆయన ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయారు. రెండేళ్లు ఆయన తన వైపు, నేను నా వైపు వెతుక్కున్నాం మరి.

అంతకంటే ముఖ్యం, ఇప్పుడు ఏ మందు వాడుతున్నారు? కార్బమజపైన్, ఆక్స్‌కార్బజపైన్, లామోట్రిజిన్, ఫెనిటాయిన్ ఈ జబ్బులో ఫిట్స్ పెంచుతాయి. మెదడును శాంతపరిచే కణాల్లో సోడియం లోపలికి వెళ్లే దారి అసలే బలహీనంగా ఉంటుంది, ఈ మందులు దాన్నే ఇంకా మూస్తాయి. మా బాబుకు ఏడు నెలలు వీటిలో ఒకటే వాడాం. వాల్‌ప్రోయేట్, క్లోబజామ్‌కు మార్చాక చాలా తగ్గాయి. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. స్నానానికి గోరువెచ్చని నీళ్లే. ఫిట్స్ ఆపే మిడజోలం ముక్కు స్ప్రే రాయించుకుని, ఎప్పుడు కొట్టాలో అడిగి పెట్టుకోండి. మాకు 5 నిమిషాలు దాటితే అన్నారు.

పిల్లల న్యూరాలజీ పీజీ:
ఒకటి కలుపుతాను. మీ ఇద్దరి రక్తంలో లేకపోయినా, అండాల్లోనో వీర్యకణాల్లోనో కొన్నింట్లో ఆ మార్పు ఉండొచ్చు. మళ్లీ బిడ్డను అనుకుంటే ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. గర్భం 11 వారాలు దాటాక పరీక్ష చేయించుకోవచ్చు.

ఖమ్మం అమ్మ:
అక్కా, మాది ఆక్స్‌కార్బజపైనే. చదవగానే ఫోన్ చేశాను, రేపు పొద్దున్నే రమ్మన్నారు. మీరు రాసింది అత్తమ్మకు చదివి వినిపించాను. మేనరికం ముక్క మళ్లీ చదవమంది.