టయోటా 86 కరోలా వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కూర్చోవడం లేదు, ఎవరైనా చెప్పండి

వెంకట్_డాలస్:
పొద్దున తొమ్మిదింటికి బానెట్ ఎత్తాను, ఇప్పుడు సాయంత్రం ఆరు. ఇంకా గ్యారేజీలోనే ఉన్నాను. ఇంజను పైనుంచి ఆయిల్ కారి ఎగ్జాస్ట్ మీద పడుతోంది, బండి ఆపగానే పొగ, కమురు వాసన. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ (ఇంజను పై మూత అంచున ఆయిల్ కారకుండా పెట్టే సీలు) పోయిందని అర్థమై, బండి కోడ్ ఏఈ86 అని వెతికి కొత్త సెట్ తెప్పించాను. రెండు పొడుగాటి ముక్కలు వచ్చాయి. ఎటు తిప్పి పెట్టినా కూర్చోవడం లేదు. పాతది తీసేటప్పుడే ముక్కలైపోయింది, పోల్చుకోవడానికి కూడా లేదు. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే ‘86కి అదే పార్ట్’ అంటున్నారు. నాది 1986 బండే, అందులో అనుమానం లేదు. కాలేజీ రోజుల నుంచి ఈ బండి మీద ఆశ పెట్టుకుని ఇన్నేళ్ళకు కొనుక్కున్నాను. ప్లీజ్, తెలిసినవాళ్ళు చెప్పండి.

సుబ్బు_గుంటూరు:
తమ్ముడూ, మా షెడ్డులో దాన్ని టాపెట్ కవర్ ప్యాకింగ్ అంటాం. గ్యాస్కెట్ అంటే ఇంజను హెడ్ (పై దిమ్మ) కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ అనుకుని కంగారుపడ్డాను. ప్యాకింగ్ పనే అయితే భయం లేదు. పాత ప్యాకింగ్ అంటుకున్నచోట పూర్తిగా గీకి, గుడ్డతో నూనె లేకుండా తుడువు. ఇనుప బ్లేడుతో మాత్రం గీకొద్దు, అల్యూమినియం హెడ్డు మీద గాటు పడితే కొత్త ప్యాకింగ్ కూడా కారుతుంది.

కిరణ్_హైదరాబాద్:
ఏఈ86 అంటే ట్విన్ క్యామ్ 4ఏ-జీఈ ఇంజను, అంటే వాల్వులు తెరిచే క్యామ్ కడ్డీలు రెండు ఉన్నది. రెండు క్యామ్‌లు, వాటి మీద రెండు కవర్లు, మధ్యలో స్పార్క్ ప్లగ్గులు. రెండు ముక్కలు రావడం కరెక్టే. ఒక్కో కవరుకి ఒకటి. గాడిలో సరిగ్గా దించి చూడండి.

వెంకట్_డాలస్:
రెండు కవర్లేంటి అన్నా? ఒక్కటే ఉంది కదా.

సునీత_మెల్‌బోర్న్:
ఫోటో పెట్టండి. మీది ఏ రకం, జీటీ-ఎస్సా, ఎస్ఆర్5 ఆ?

రవి_నగోయా:
వెంకట్ గారూ, సునీత గారు అడిగినదానికి జవాబు మీరే చెప్పాలి. ఈలోపు ఒక్క మాట చెప్పాలి, ఇది చాలామంది పొరబడే విషయం. 86 అంటే 1986 కాదండి. 1983లోనే ఈ బండి వచ్చింది, అప్పుడే దాని కోడ్ ఏఈ86. ‘ఏ’ అంటే ఇంజను కుటుంబం, ‘ఈ’ అంటే కరోలా, 8 అంటే ఆ తరం కరోలా, చివరి 6 అందులో ఒక రకం. జపనీయులు ఎనిమిదిని హచి, ఆరుని రోకు అంటారు, అందుకే ఇక్కడ ఎవరిని అడిగినా ‘హచిరోకు’ అంటారు.

దీని వెనక చరిత్ర 1972 నుంచి ఉంది. మామూలు కరోలాలో 1600 సీసీ ట్విన్ క్యామ్ ఇంజను పెట్టి ‘లెవిన్’ అని, అదే బండి దాని జంట మోడల్ స్ప్రింటర్ రూపంలో ‘ట్రూయెనో’ అని అమ్మారు. లెవిన్ పాత ఇంగ్లీషులో మెరుపు, ట్రూయెనో స్పానిష్‌లో ఉరుము. ఏఈ86 వాటికి నాలుగో తరం. లెవిన్‌కి మామూలు హెడ్‌లైట్లు, ట్రూయెనోకి కళ్ళు తెరిచినట్టు పైకి లేచే లైట్లు.

1983లో కరోలా సెడాన్లన్నీ ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కి మారిపోయాయి. ఈ లెవిన్, ట్రూయెనో కూపేలకి మాత్రం అంతకుముందు తరం బండి కింది భాగాన్నే ఉంచి రియర్ వీల్ డ్రైవ్ కొనసాగించారు. వెనక ఇరుసు పాతకాలం గట్టి ఇరుసే. అప్పట్లో కొందరికి అది వెనకబాటుగా కనిపించింది. నాకు మాత్రం అదే ఈ బండికి ప్రాణం అనిపిస్తుంది. జపాన్ మోడల్ బరువు వెయ్యి కిలోల లోపు. కొత్తవాడు నడిపినా వెనక చక్రాలు ఎప్పుడు జారబోతున్నాయో నడుముకే తెలిసిపోతుంది. నేను ఒకసారి స్నేహితుడి బండిలో కొండ రోడ్డు ఎక్కాను. స్పీడు గంటకు అరవై దాటలేదు. అయినా ప్రతి మలుపులో స్టీరింగుతో మాట్లాడుతున్నట్టే ఉంది. అంత మెల్లగా పోతూ అంత ఆనందించిన బండి నాకింకోటి లేదు.

కిరణ్_హైదరాబాద్:
రవి గారూ, బాగా రాశారు. కానీ ఇది కూపే కాదు, వెనక డిక్కీ తలుపు అద్దంతో సహా లేస్తుంది. దాన్ని హ్యాచ్‌బ్యాక్ అనాలి.

రవి_నగోయా:
రెండూ వచ్చాయి కిరణ్ గారూ. రెండు తలుపులు, విడి డిక్కీతో ఒకటి, మూడు తలుపుల హ్యాచ్‌తో ఒకటి. అమెరికాలోనూ రెండూ అమ్మారు. ఎక్కువ ఫోటోల్లో కనిపించే నలుపు తెలుపు రంగుది మూడు తలుపులదే, దాన్ని ముద్దుగా పాండా అంటారు. కూపే అన్న మాటని జపాన్ కంపెనీలు అప్పట్లో రెండింటికీ వాడాయి, నేనూ అదే అర్థంలో వాడాను.

సుబ్బు_గుంటూరు:
1983 అంటే మన దగ్గర మారుతి 800 వచ్చిన ఏడాది. మాకు అంతకుముందు అంబాసిడర్, ఫియట్ మాత్రమే తెలుసు, రెండూ వెనక చక్రాలే లాగేవి. మారుతి వచ్చాక ముందు చక్రాలు లాగే బండి చూసి షెడ్డులో ఎంత చర్చ జరిగిందో! తమ్ముడూ, టాపెట్ కవర్ తీసినప్పుడు నట్ల కింద రబ్బరు సీలు వాషర్లు ఉంటాయి, అవి కూడా మార్చు. చాలాసార్లు కారేది ప్యాకింగ్ నుంచి కాదు, ఆ వాషర్ల నుంచే.

వెంకట్_డాలస్:
గ్యారేజీలో వెలుతురు లేదు, ఫోటో రేపు పెడతాను. కానీ ఇప్పుడే విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) చూశాను. అందులో ‘ఏఈ86’ అని స్పష్టంగా ఉంది! అంటే నాది అసలైన 86 కదా? కొందరి అమెరికా బండ్లలో ‘ఏఈ88’ అని ఉంటుందట, అవి డూప్లికేటా?

సునీత_మెల్‌బోర్న్:
అమెరికాలో విన్‌లో 86 ఉంటే ఎస్ఆర్5. సింగిల్ క్యామ్. గ్యాస్కెట్ ఒకటే ముక్క. మీకొచ్చింది తప్పు పార్ట్.

కిరణ్_హైదరాబాద్:
అదెలా సునీత గారూ? 88 ట్విన్ క్యామ్ అయితే 86 ఎలా సింగిల్ క్యామ్ అవుతుంది? తలకిందులుగా ఉంది.

రవి_నగోయా:
సునీత గారు చెప్పింది నిజమే, వివరంగా చెబుతాను. జపాన్‌లో లెక్క సులువు. ఏఈ86 అంటే 4ఏ-జీఈ, 1587 సీసీ, 16 వాల్వులు, యమహాతో కలిసి తయారుచేసిన హెడ్. 130 హార్స్ పవర్ అని రాసేవారు, అది గ్రాస్ లెక్క, అంటే సైలెన్సర్ లాంటివి లేకుండా ఇంజనుని విడిగా కొలిచినది. తక్కువ ఇంజనుతో వచ్చింది ఏఈ85, 1500 సీసీ సింగిల్ క్యామ్. అందుకే ఇక్కడ 86 అనగానే ట్విన్ క్యామే గుర్తొస్తుంది.

అమెరికాకి ఏఈ85 వెళ్ళలేదు. అక్కడ 1984లో ముందు ఎస్ఆర్5 వచ్చింది, 1600 సీసీ 4ఏ-సీ ఇంజను, సింగిల్ క్యామ్, కార్బ్యురేటరు, సుమారు 70 హార్స్ పవర్. 1985లో జీటీ-ఎస్ వచ్చింది, అందులో 4ఏ-జీఈ, 112 హార్స్ పవర్. రెండింటినీ విడదీయడానికి విన్‌లో ఎస్ఆర్5కి 86, జీటీ-ఎస్‌కి 88 వేశారు. ఇంజను గది వెనక గోడ మీది ప్లేటులో మాత్రం రెండింటికీ ఏఈ86 అనే ఉంటుంది. కాబట్టి 88 డూప్లికేటు కాదు, 86 కూడా డూప్లికేటు కాదు. బాడీ ఒకటే, వెనక చక్రాల డ్రైవ్ ఒకటే, పైకి లేచే లైట్లు ఒకటే. అమెరికాలో లెవిన్ ముఖం అమ్మలేదు.

కిరణ్_హైదరాబాద్:
అయితే నిజమైన 86 అనే మాటకి జపాన్ అర్థమే తీసుకోవాలి. ట్విన్ క్యామ్ లేకపోతే అది 86 పేరున్న ఇంకో బండి.

రవి_నగోయా:
నేను ఒప్పుకోను కిరణ్ గారూ. ఈ బండికి పేరు తెచ్చింది ఇంజను ఒక్కటే కాదు. సుచియా కెయిచి అనే రేసర్ రేసుల్లో, కొండ దారుల్లో నడిపి పేరు తెచ్చాడు, ఆయన్నే డ్రిఫ్ట్ (వెనక చక్రాలు జార్చుతూ మలుపు తిప్పడం) కింగ్ అంటారు. ఆ తర్వాత 1995లో టోఫు దుకాణం కుర్రాడు ఈ బండి నడిపే మాంగా (జపాన్ బొమ్మల కథ) వచ్చి పాత బండి ధరలు ఆకాశానికి పోయాయి. అందరూ మెచ్చుకున్నది తక్కువ పవరుతో, తేలికైన బండితో పెద్ద బండ్లని మలుపుల్లో పట్టుకోవడాన్ని. ఎస్ఆర్5లో కూడా ఆ కింది భాగం ఉంది. తర్వాత 1987లో వచ్చిన తరం ముందు చక్రాల డ్రైవ్‌కి మారిపోయింది, పవరు తగ్గకపోయినా ఆ ప్రేమ దానికి దక్కలేదు.

కిరణ్_హైదరాబాద్:
వెనక డ్రమ్ బ్రేకులున్న బండితో కొండ దారులా? జీటీ-ఎస్‌కి నాలుగు వైపులా డిస్కులు. ఇది చిన్న తేడా కాదండి.

సునీత_మెల్‌బోర్న్:
ఆయన అడిగింది గ్యాస్కెట్.

సుబ్బు_గుంటూరు:
అవునమ్మా. తమ్ముడూ, ఏఈ86 అని అడగకు. 4ఏ-సీ ఇంజనుకి టాపెట్ కవర్ ప్యాకింగ్ అని అడుగు, ఇంజను పేరుతో అడిగితే ఎవడూ పొరబడడు.

రవి_నగోయా:
సరిగ్గా చెప్పారు సుబ్బు గారూ. అదే 4ఏ-సీ అప్పటి అమెరికా కరోలా సెడాన్లలోనూ వచ్చింది. ఫ్రెమాంట్ ఫ్యాక్టరీలో తయారైన షెవర్లే నోవాలో కూడా దాదాపు అదే ఇంజను. కాబట్టి స్పోర్ట్స్ కారు పార్ట్ అని కాకుండా 1986 కరోలా 1.6 సింగిల్ క్యామ్, కార్బ్యురేటరు అని అడగండి. తక్కువ ధరకి దొరుకుతుంది. జీటీ-ఎస్ వాళ్ళకి ఆ సదుపాయం లేదు, కొన్ని భాగాలు అయితే టయోటాయే మళ్ళీ తయారుచేయాల్సి వచ్చింది.

వెంకట్_డాలస్:
ఓహ్. బండి వెనకాల ఎస్ఆర్5 అని స్టిక్కర్ ఉంది, అది ఏదో ట్రిమ్ (పై హంగుల) పేరనుకుని రాయలేదు. సారీ అండి. ట్విన్ క్యామ్ కాదంటే మొదట మనసు కాస్త చివుక్కుమంది, నిజం చెప్పాలి. రవి గారు రాసింది రెండుసార్లు చదువుకున్నాను. రేపు ఆదివారం, షాపు తెరిచి ఉంటుందో లేదో.

సుబ్బు_గుంటూరు:
బిగించేటప్పుడు నట్లు కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించు. పానా దొరికింది కదా అని బలం పెట్టకు, రేకు కవరైతే వంగుతుంది.

కిరణ్_హైదరాబాద్:
రవి గారూ, జీటీ-ఎస్ 112 అన్నారు, జపాన్‌ది 130 అన్నారు. ఒకే ఇంజనుకి అంత తేడా గ్రాస్ లెక్క వల్లేనా, అమెరికా పొగ నియమాల వల్లా?

వెంకట్_డాలస్:
సోమవారం దొరికింది. ఒకటే ముక్క. వాషర్లు కూడా మార్చాను. అరగంట తిప్పాను, చుక్క కారలేదు. థాంక్స్ అందరికీ.

కిరణ్_హైదరాబాద్:
మంచిది వెంకట్ గారూ. రవి గారూ, గ్రాస్, నెట్ సంగతి?