ఇద్దరు పిల్లలు, నాలుగు పెట్టెలు, నేనొక్కదాన్నే: వైజాగ్ నుంచి మెల్‌బోర్న్

ప్రశ్న:
మావారు ముందే వెళ్లిపోయారు. ఇప్పుడు నేను, 4 ఏళ్ల పాప, 14 నెలల బాబు వెళ్లాలి. ఇక్కడి నుంచి సింగపూర్, అక్కడ 6 గంటలు ఆగి మెల్‌బోర్న్. ఎంవీపీ కాలనీలో మా హాలు చూస్తే పెళ్లివారి విడిదిలా ఉంది. అమ్మ ఆవకాయ, కందిపొడి, సున్నుండలు కట్టేసింది, అత్తయ్యగారు మాడుగుల హల్వా తెప్పించారు, ఇవి చాలవన్నట్టు బాబుకి ఏటికొప్పాక చెక్క బొమ్మలు ఒక సంచి. వీటిలో ఏవి రానిస్తారు? ఒక్కదాన్ని ఇదంతా ఎలా లాక్కెళ్లాలో తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (గాజువాక, ఇప్పుడు సిడ్నీ):
కేజీల సంగతి తర్వాత, ముందు మీ చేతులు లెక్కపెట్టుకోండి. చంకలో బాబు, ఇంకో చేత్తో పాప, అయిపోయింది. అందుకే చేతి ట్రాలీ వద్దేవద్దు, వీపుకి ఒక్క బ్యాగ్ చాలు. పోయినసారి నేను ట్రాలీ తెచ్చుకుని, సింగపూర్‌లో పిల్లాడు నిద్రపోతే దాన్ని కాలితో తోసుకుంటూ గేటు దాకా నడిచాను. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీదే ఉన్నాయా? వేరువేరు టికెట్లయితే సింగపూర్‌లో పెట్టెలు దించుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి రావచ్చు, పిల్లలతో అది నరకం. చెక్-ఇన్ చేసేటప్పుడు పెట్టెలు మెల్‌బోర్న్ దాకా వెళ్తాయా, బాబుని తోసే బండి (స్ట్రోలర్) ఎక్కడ చేతికిస్తారు అని అడిగి మరీ కదలండి.

జవాబు 2:
తిండి గురించి నేను చెప్తాను. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు నింపే కార్డులో తిండి పదార్థాలు, చెక్క సామాను ఉన్నాయా అని ఉంటుంది. అన్నిటికీ ఉన్నాయనే టిక్ పెట్టండి. చెప్పేస్తే మహా అయితే తీసి పారేస్తారు, దాచి దొరికితే జరిమానా. పచ్చి కరివేపాకు, పాలతో చేసిన స్వీట్లు రానివ్వరు. సున్నుండల్లో, హల్వాలో నెయ్యి ఉంది కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోకండి (హల్వాలో పోసేవి గోధుమ పాలే కదా అని మా అత్తగారు వాదిస్తారు, అది అక్కడ చెల్లదు). బొమ్మల్లో పురుగు తొలిచిన చిల్లులు లేవని ఒక్కొక్కటీ వెలుగులో తిప్పి చూడండి, అక్కడి అధికారులు వెతికేది వాటి కోసమే. ఎండు కొబ్బరి మాత్రం ఇక్కడే చెక్-ఇన్ బ్యాగ్‌లోంచి తీయించేస్తారు, త్వరగా అంటుకుంటుందని. పవర్ బ్యాంక్ పెద్ద పెట్టెలో పెట్టకండి, మీ వెంటే ఉండాలి.

జవాబు 3:
అమ్మాయ్, చేతి బ్యాగ్‌లో పిల్లలకి రెండేసి జతల బట్టలు అందరూ పెడతారు. నీకూ ఒక జత పెట్టుకో. మా మనవడు విమానం లేవగానే వాళ్లమ్మ మీద వాంతి చేసుకుంటే, పాపం దిగేదాకా అదే చుడీదార్‌తో కూర్చుంది. లేచేటప్పుడు, దిగేటప్పుడు బాబుకి పాలు పట్టు, చెవులు నొప్పెట్టవు.

అడిగినావిడ:
ఒకే టికెట్టండీ, ఇప్పుడే చూశాను. ట్రాలీ తీసేశాను. హల్వా డబ్బా మూత తీసి అందరం స్పూన్లతో కూర్చున్నాం. సున్నుండల సంగతి అమ్మకి ఎవరు చెప్తారో చూడాలి.