450 తరగతి హెలికాప్టర్ తోక ఊగుతోంది: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (కావలి)

మిత్రులకు నమస్కారం. వాడిన 450 తరగతి రిమోట్ కంట్రోల్ మోడల్ హెలికాప్టర్ ఒకటి కొని, పూర్తిగా విప్పి, శుభ్రం చేసి మళ్లీ కూర్చాను. ఫ్లైబార్ (రోటరును నిలకడగా ఉంచే అడ్డకడ్డీ) లేని రకం. 325 మిల్లీమీటర్ల కార్బన్ రెక్కలు, మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ లిపో బ్యాటరీ, తోకకు బెల్టు. స్వాష్‌ప్లేట్‌ను (రెక్కల వాలు మార్చే బిళ్లను) సమంగా నిలిపి, స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు పిచ్ (రెక్క వాలు) సున్నా, పైకీ కిందికీ పదేసి డిగ్రీలు వచ్చేట్టు గేజితో సరిచూసుకున్నాను. అయినా నేల విడిచి కాస్త పైకి లేచేసరికి తోక అటూ ఇటూ నిదానంగా ఊగుతోంది. జైరో గెయిన్ (తోకను నిలిపే జైరో ఎంత గట్టిగా దిద్దాలో చెప్పే సెట్టింగు) పెంచితే ఆ ఊపు పోయినట్టే పోయి, సన్నని వణుకు మొదలవుతోంది. పైగా రోటరు వేగం అందుకునేటప్పుడు యంత్రమంతా కాళ్ల మీద అదురుతోంది. ఈ రెండూ ఒకే లోపమా, వేర్వేరా? గెయిన్‌తో ఇది సరిపోతుందా?

జవాబు (ఒంగోలు)

గెయిన్‌ను ప్రస్తుతానికి అలాగే ఉంచండి. గెయిన్ చాలకపోతే తోక నిదానంగా ఊగుతుంది, మించితే వణుకుతుంది. ఈ రెంటికీ నడుమ తోక కుదురుగా నిలిచే చోటు ఎక్కడా దొరకలేదంటే లోపం యంత్రభాగాల్లో ఉన్నట్టే లెక్క. అదురుతున్న యంత్రంలో జైరో ఆ అదురును కూడా కదలికగానే చదివి దిద్దబోతుంది కనుక, అదురు పోయేదాకా ఏ సెట్టింగునూ నమ్మడానికి లేదు.

ముందుగా మోటారు తీగలు ఊడదీసి, తోక సర్వో (తోక రెక్కల వాలు మార్చే చిన్న మోటారు) నుంచి లింకును విడిపించండి. యంత్రాన్ని ఒక పక్కకు ఒరగబెడితే తోక స్లైడరు, లింకు తమ బరువుకే జారాలి. ఎక్కడైనా పట్టేస్తే బాల్ లింకు బిగుతుగానో, కడ్డీని నడిపించే గైడు వంకరగానో ఉంది. అలా పట్టు ఉన్నప్పుడు సర్వో ఆగి ఆగి కదులుతుంది. మీరు చెప్పిన నిదానపు ఊపు సాధారణంగా దాని వల్లనే వస్తుంది.

అదురు సంగతి వేరుగా చూడాలి. పెద్ద రెక్కలు, తోక రెక్కలు రెండూ తీసేసి, యంత్రాన్ని బల్లకు గట్టిగా కట్టి, దూరంగా నిలబడి మోటారు తిప్పండి. అదురు లేకపోతే తోక రెక్కలు మాత్రమే పెట్టి మళ్లీ తిప్పండి. అప్పుడూ లేకపోతే లోపం పెద్ద రెక్కల్లోనో, అవి అమరే హెడ్‌లోనో ఉందన్నమాట. వాడిన యంత్రం కాబట్టి నా అనుమానం ముందుగా ఫెదరింగ్ షాఫ్టు (హెడ్‌లో రెండు రెక్కల పట్లనూ కలిపే కడ్డీ) మీదికే పోతుంది. దాన్ని తీసి సమతలం మీద దొర్లించి, వెలుతురుకు ఎదురుగా చూస్తే వంపు ఉన్నచోట సన్నని వెలుగు గీత కనబడి మాయమవుతూ ఉంటుంది. మా ప్రకాశం జిల్లాలో సమతలానికి కొదవ లేదు. పాలిష్ పట్టిన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క ఒకటి ఉంటే అద్దం కన్నా మేలు.

జవాబు (నెల్లూరు)

ఒంగోలు వారు చెప్పిన వరస సరైనదే. రెండు మాటలు కలుపుతాను. మైపాడు వంటి సముద్రతీరంలో ఎగిరిన యంత్రమైతే తోక బేరింగుల్లోకి ఉప్పు, ఇసుక చేరి ఉంటాయి. వేలితో తిప్పినప్పుడు గరగరలాడే బేరింగును శుభ్రం చేసి మళ్లీ వాడాలని చూడకుండా మార్చేయండి. బెల్టును వేలితో నొక్కితే దాని రెండు వైపులూ ఒకదానికొకటి తగిలేంత వదులు ఉండకూడదు.

450 గ్రాములు కాదు, తరగతి పేరు మాత్రమే 450 అని గమనించండి. యంత్రం బరువు 250 గ్రాములు దాటుతుంది కాబట్టి 2021 డ్రోన్ నిబంధనల నానో తరగతిలోకి రాదు. ఎగరేయబోయే చోటు ఏ రంగు జోన్‌లో ఉందో ప్రభుత్వపు డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై పటంలో ముందే చూసుకోండి. తెల్లవారుజామున ఎగరేయండి, మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్లాక తోక పనితీరును అంచనా వేయడం కష్టం.

ప్రశ్నించినవారు (కావలి)

ఫెదరింగ్ షాఫ్టు నిజంగానే వంగి ఉంది. తోక కడ్డీ గైడు కూడా ఒకచోట పట్టేస్తోంది. దాన్ని సర్ది పెట్టాను. కొత్త షాఫ్టు వేసేటప్పుడు థ్రస్ట్ బేరింగు (రెక్కలు బయటికి లాగే బరువును మోసే బేరింగు) గుండ్లకు అటూ ఇటూ ఉండే పళ్లేలు రెండూ ఒకే కొలతలో లేవని గమనించాను. ఏది ఎటు రావాలి?

జవాబు (ఒంగోలు)

రంధ్రం పెద్దగా ఉన్న పళ్లెం హెడ్ మధ్యభాగం వైపు, చిన్నగా ఉన్నది బయటి మర వైపు రావాలండి. తారుమారైతే రెక్కలు లాగే బరువుకు బేరింగు బిగుసుకుపోయి పిచ్ సాఫీగా మారదు. గుండ్ల మధ్య గ్రీజు పెట్టండి. చివరి మర లోహంలోకి లోహం బిగిసేది కాబట్టి థ్రెడ్‌లాక్ (మర వదులవకుండా పట్టి ఉంచే మందు) ఒక చుక్క తప్పనిసరి. పాత మందు మిగిలి ఉంటే ముందు తుడిచేయండి. ఆ తరువాత ఒక రెక్క కొసకు రంగు టేపు చుట్టి, మనుషులకు దూరంగా హోవర్ చేసి (గాలిలో ఒకేచోట నిలిపి), రెండు రెక్కల కొసలూ ఒకే మట్టంలో తిరుగుతున్నాయో లేదో పక్క నుంచి చూడండి. తేడా ఉంటే పైన తిరిగే రెక్క పిచ్‌ను లింకు అర చుట్టు తిప్పి తగ్గించండి. ఇవన్నీ కుదిరాకే గెయిన్‌ను తక్కువ నుంచి మొదలుపెట్టి పెంచుతూ పోయి, వణుకు తొంగి చూసిన చోటికి ఒక మెట్టు కింద ఆపండి.